రబ్బరు మంచిదే, అంచు దగ్గరే జాగ్రత్త: ఫసాడ్‌లకు వేసే ఈపీడీఎం మెంబ్రేన్ రివ్యూ

నానక్‌రామ్‌గూడ, కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు లేచిన గాజు బిల్డింగుల్లో మొదటి వానాకాలం రాగానే వినపడే ఫిర్యాదు ఒకటుంది. అద్దం పగల్లేదు, గోడ బీటలివ్వలేదు, అయినా కిటికీ మూల కింద కార్పెట్ తడిసిపోయింది. ఆ నీళ్లు ఎక్కువగా వచ్చేది అల్యూమినియం ఫ్రేముకీ కాంక్రీటుకీ మధ్య వదిలిన పది నుంచి పాతిక మిల్లీమీటర్ల సందులోంచి. ఆ సందును మూయడానికి వేసే నల్ల రబ్బరు పట్టీ, అంటే ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) ఫసాడ్ (భవనం బయటి ముఖం) మెంబ్రేన్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది, ఎవరు కొనాలి అన్నది ఇక్కడ చెబుతున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. కొత్త కట్టడంలో కర్టెన్ వాల్ (ఫ్రేములకు బిగించే గాజు గోడ) చుట్టూ, పెద్ద కిటికీల చుట్టూ, గ్రానైట్ డ్రై క్లాడింగ్ (బ్రాకెట్లతో బిగించే రాతి పలకల తొడుగు) వెనక ఓపెనింగుల దగ్గర దీనికి మించిన సరుకు మాకు కనపడలేదు. పాత అపార్ట్‌మెంటులో కిటికీ కారుతోందని దీన్ని కొంటే మాత్రం డబ్బు దండగ. ఎందుకో చివర్లో చెప్తాం.

అసలు సందులో నింపే పేస్టు, అంటే సీలెంట్ ఉండగా రబ్బరు ఎందుకు? లెక్క వేసి చూడండి. అల్యూమినియం మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ వేడికి 0.023 మి.మీ. సాగుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలున్న ముదురు రంగు ఫ్రేము, మే నెల మధ్యాహ్నం పడమటి ఎండకి 70 డిగ్రీల దాకా వెళ్లగలదు. తేడా 55 డిగ్రీలు. మూడు మీటర్ల ముక్క దాదాపు 3.8 మి.మీ. సాగుతుంది. 15 మి.మీ. సందులో, 25 శాతం కదలిక తట్టుకునే సీలెంట్ కొట్టారనుకోండి. అది భరించగలిగేది 3.75 మి.మీ. మాత్రమే. కాంక్రీటు కూడా కొంత సాగుతుంది కాబట్టి ఆ మేరకు తగ్గించినా, స్లాబ్ బరువుకి వంగడం, గాలికి ఫ్రేము ఊగడం ఇంకా లెక్కలోకి రాలేదు. మెంబ్రేన్‌కి ఈ గొడవ లేదు. మంచి ఈపీడీఎం మూడింతలకు పైగా సాగుతుంది. పైగా సందు మీద కొంచెం వదులుగా వేస్తారు కాబట్టి అసలు సాగాల్సిన అవసరమే రాదు. ఎండనీ ఓజోన్‌నీ తట్టుకోవడంలో ఈ రబ్బరుకి మంచి పేరుంది. దాని నలుపు కార్బన్ బ్లాక్ వల్ల వచ్చింది, ఎండ నుంచి కాపాడేది కూడా అదే.

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. ఒకటి సాదా షీటు, పేస్టు లాంటి జిగురుతో అతికించేది. రెండోది వెనక బ్యుటైల్ రబ్బరు జిగురు ఉండి, కాగితం తీసి నేరుగా అతికించే సెల్ఫ్ అడ్హెసివ్. మూడోది వెనక ఫ్లీస్ బట్ట ఉన్నది, దీని మీద ప్లాస్టరింగ్ పట్టుకుంటుంది. మందం 0.6 నుంచి 1.2 మి.మీ. దాకా ఉంటుంది. హైదరాబాద్ పనులకి మేం చెప్పేది 1 మి.మీ. సాదా షీటు. 0.6 మి.మీ. మూలల్లో సులువుగా మడుస్తుంది కానీ, దాని మీద క్లాడింగ్ వాళ్లు పనిచేసేటప్పుడు స్క్రూ కొన తగిలినా చిరుగుతుంది. సెల్ఫ్ అడ్హెసివ్ రకం అల్యూమినియం మీద, గాజు మీద చక్కగా అంటుకుంటుంది. మన సైట్లలోని దుమ్ము పట్టిన కాంక్రీటు మీద, ప్లాస్టరింగ్ మీద ప్రైమర్ లేకుండా వేస్తే ఒక వేసవిలోనే అంచులు లేస్తాయి. ఫ్రేము వైపు సెల్ఫ్ అడ్హెసివ్ పట్టీ, గోడ వైపు పేస్టు జిగురు వచ్చేలా చేసిన షీట్లు కూడా ఉన్నాయి. ఖర్చు కాస్త ఎక్కువైనా గ్లేజింగ్ వాళ్ల పని తేలికవుతుంది.

కొనేటప్పుడు రోల్‌ని తూకం వేయించండి. ఈపీడీఎం షీటు సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 1.1 నుంచి 1.3 గ్రాముల మధ్య ఉంటుంది. 1 మి.మీ. మందం, 300 మి.మీ. వెడల్పు, 25 మీటర్ల పొడవున్న రోల్ తొమ్మిది కిలోల దగ్గర తూగాలి. ఏడు కిలోలే ఉంటే మందం తగ్గించారు. పదకొండు దాటితే ఒకటి మందం ఎక్కువైనా ఉండాలి, లేదా సుద్దలాంటి ఫిల్లర్ ఎక్కువ కలిపి ఉండాలి. మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే ఏదో తేలిపోతుంది. ఫిల్లర్ ఎక్కువున్న షీటు కొత్తలో బాగానే కనపడుతుంది గానీ సాగే గుణం తక్కువ. పట్టీ మీద 100 మి.మీ. దూరంలో రెండు గీతలు పెట్టి, 250 దాకా లాగి కాసేపు పట్టుకుని వదలండి. పది నిమిషాల తర్వాత గీతల మధ్య దూరం మళ్లీ 100కి దగ్గరగా రావాలి. రాణీగంజ్‌లో గాస్కెట్లు కోయడానికి అమ్మే ఇండస్ట్రియల్ రబ్బరు షీటు చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ అది ఈ పనికి తయారైంది కాదు. సరుకుతో పాటు ఈఎన్ 13984 ప్రకారం చేసిన పరీక్ష కాగితం అడగండి. రబ్బరు లేదా ప్లాస్టిక్ ఆవిరి నిరోధక షీట్లకు వర్తించే యూరోపియన్ ప్రమాణం అది.

ఇంత చూసి కొన్నా, పని చెడేది రబ్బరులో కాదు. విఫలమైన ఫసాడ్‌ని విప్పి చూస్తే మెంబ్రేన్ కొత్తదానిలాగే ఉంటుంది, దాని అంచు మాత్రం కాంక్రీటు నుంచి ఊడి ఉంటుంది. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ చోటు గోడకే.

మొదటి శత్రువు సెంట్రింగ్ ఆయిల్. చాలా సైట్లలో షట్టరింగ్ పలకలకి వాడేసిన ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి పూస్తారు. అది కాంక్రీటు పైపొరలోకి ఇంకుతుంది. దాని మీద ఏ జిగురూ నిలవదు. పైగా ఈపీడీఎం నీళ్లకీ ఎండకీ ఎంత గట్టిదో పెట్రోలియం నూనెలకి అంత బలహీనం, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మైవాన్ షట్టరింగ్ (అల్యూమినియం పలకల అచ్చు)తో పోసిన గోడలైతే ఇంకో సమస్య. అద్దంలా నున్నగా వచ్చిన ఆ ఉపరితలం చూసి ‘ఇంకేం కావాలి’ అనుకుంటారు. ఆ నునుపు మీద సిమెంటు పాలపొర, అచ్చు అంటుకోకుండా పూసే రిలీజ్ ఏజెంటు పొర రెండూ ఉంటాయి. రెంటికీ మందు ఒకటే: మెంబ్రేన్ అంటుకునే వెడల్పుకి రెండు వైపులా మరో 20 మి.మీ. కలిపి, డైమండ్ కప్ వీల్ పెట్టిన గ్రైండర్‌తో పైపొర తీసేయాలి. ఇసుక రేణువులు బయటపడాలి. తర్వాత బ్రష్షు, వాక్యూమ్. నీళ్లు చల్లి చూడండి. ముత్యాల్లా జారిపోతే నూనె ఇంకా ఉన్నట్టు, ఇంకిపోయి మచ్చ నల్లబడితే జిగురుకి సిద్ధమైనట్టు. చల్లిన చోట ఆరనిచ్చి మొదలుపెట్టాలి.

ఏఏసీ బ్లాకు (తేలికపాటి గాలి బుడగల సిమెంటు ఇటుక) గోడ అయితే బ్లాకు మీద నేరుగా అతికించకండి. వేలితో రుద్దితేనే పొడి రాలే పదార్థం అది. ఓపెనింగ్ చుట్టూ కనీసం 100 మి.మీ. వెడల్పున పాలిమర్ మోర్టార్ పట్టీ లాగించి, అది పూర్తిగా గట్టిపడ్డాక ప్రైమర్ కొట్టి మెంబ్రేన్ వేయాలి. ప్లాస్టరింగ్ మీద వేయాల్సి వస్తే సుత్తి పిడితో తట్టి చూడండి. గుల్లగా మోగిన చోటల్లా కొట్టేసి మళ్లీ చేయించండి. గుల్ల ప్లాస్టరింగ్‌కి ఎంత ఖరీదైన జిగురు పెట్టినా చివరికి ప్లాస్టరింగ్‌తో సహా ఊడొస్తుంది.

ఇక జిగురు. ఈపీడీఎం మీద మామూలు సిలికాన్ నిలవదు. సిలికాన్ కొట్టి వారం ఆగి గోరుతో లాగండి, రిబ్బనులా శుభ్రంగా ఊడి చేతికొస్తుంది. షీటు తయారీదారు చెప్పిన ఎంఎస్ పాలిమర్ (గాలిలో తేమతో గట్టిపడే జిగురు రకం) లేదా అదే కోవలోని పేస్టు జిగురే వాడాలి. షీటూ జిగురూ ఒకే సిస్టమ్‌వి అయితే వారంటీ గొడవా ఉండదు. చాలా షీట్ల మీద ఒకదానికొకటి అంటుకోకుండా టాల్క్ లాంటి పొడి చల్లి ఉంటుంది. క్లీనర్‌లో ముంచిన తెల్లబట్టతో, బట్టకి మసి, పొడి అంటనంత వరకు తుడవాలి. అవసరమైన పనే గానీ సైట్లో ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే.

పరిమాణం ఎలా వేసుకోవాలంటే, 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తున్న కిటికీ తీసుకోండి. ఫ్రేము మీద 30 మి.మీ. అతుకు, సందు 20, వదులుకి 20, గోడ మీద 60 మి.మీ. అతుకు, కోతలో తరుగు కలిపితే 150 మి.మీ. పట్టీ సరిపోతుంది. కింది పట్టీ, పై పట్టీ ఒక్కోటి రెండు పక్కలా 150 మి.మీ. మిగిలేలా 1.8 మీటర్లు. పక్క పట్టీలు పైనా కిందా 100 మి.మీ. అతుకుతో 1.4 మీటర్ల చొప్పున. మొత్తం 6.4 మీటర్లు. జిగురు గోడ వైపు రెండు గీతలు, ఫ్రేము వైపు ఒకటి, ఒక్కోటి 8 మి.మీ. లావు. అలాంటి గీత మీటరుకి 50 మి.లీ. తాగుతుంది. మూడు గీతలకి 19.2 మీటర్లు, అంటే 960 మి.లీ. 600 మి.లీ. సాసేజ్‌లు (జిగురు నింపిన రేకు గొట్టాలు) రెండు తీసుకోవాలి. ఒక్కదానితో సరిపెట్టాం అని ఎవరైనా అంటే గీతలు సన్నంగా లాగారని అర్థం. గోడ వైపు రెండు గీతల్ని రోలర్‌తో నొక్కితే 60 మి.మీ. వెడల్పుకి సుమారు 1.7 మి.మీ. మందం వస్తుంది. గరుకు కాంక్రీటు గుంటలు నిండాలంటే ఆ మందం కావాలి.

వేసే వరుస తప్పితే అంతా వృథా. ముందు కింది పట్టీ, దాని మీద పక్క పట్టీలు, వాటి మీద పై పట్టీ. పైనుంచి జారిన నీరు ఎప్పుడూ కింది పట్టీ మీదికి పడాలి, వెనక్కి పోకూడదు. పైనుంచి కిందికి వేసుకుంటూ వస్తే ప్రతి అతుకూ నీళ్లని లోపలికి పిలుస్తుంది. పరంజా పైనుంచి విప్పుకుంటూ వస్తున్నారు కదా అని వరుస మార్చిన పనులు ఉన్నాయి, వాటిల్లో లీకేజి తప్పలేదు. రోల్ విప్పగానే అతికించకండి. కోసిన పట్టీని అరగంట పరిచి ఉంచితే చుట్టలో ఉన్న బిగువు పోతుంది. లాగి అతికిస్తే అది వెనక్కి ముడుచుకుంటూ మూలని లేపేస్తుంది.

కింది మూలను దగ్గరగా చూడాలి. అక్కడ ఫ్రేము, గోడ, కింది పట్టీ, పక్క పట్టీ నాలుగూ కలుస్తాయి. ఒక పట్టీ అంచు మీదికి ఇంకో పట్టీ ఎక్కే చోట ఒక మిల్లీమీటరు మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు పక్కన పిన్నీసు పట్టేంత సన్నని సొరంగం మిగులుతుంది. పైనుంచి చూస్తే కనపడదు. పక్క పట్టీ నొక్కే ముందే ఆ మెట్టు వెంట జిగురు నింపాలి. తర్వాత 150 మి.మీ. చదరపు ముక్క కోసి మూల మీద అదనంగా వేయాలి. ఆ ముక్క నాలుగు మూలల్ని కత్తెరతో గుండ్రంగా తీయండి, సూటి మూలలే మొదట లేస్తాయి. నడుమ నుంచి అంచుల వైపు రోలర్ నడపాలి. అంచు నుంచి జిగురు సన్నగా బయటికి రావాలి. రానిచోట లోపల ఖాళీ ఉన్నట్టే. అంచు దగ్గర ముడుత నోరు తెరిచి ఉంటే పైన సీలెంట్ పూసి కప్పిపుచ్చనివ్వకండి, కోసి కొత్త ముక్క వేయించండి.

గోడ వైపు పై అంచుకి 25 x 3 మి.మీ. అల్యూమినియం ఫ్లాటు పట్టీ, 200 నుంచి 250 మి.మీ.కొక స్క్రూ ఉండి తీరాలి. గాలి ఒత్తిడికి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కి మూల గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 1.16 కిలోపాస్కల్, అంటే దాదాపు 118 కిలోల బరువు. ఈదురుగాలికి మెంబ్రేన్ ఉబ్బి తగ్గుతూ జిగురు అంచుని ఒలిచినట్టు లాగుతుంది. ఈ జిగుళ్లు పక్కకి లాగితే గట్టిగా పట్టుకుంటాయి, ఒలిస్తే తొందరగా వదులుతాయి. సందు 50 మి.మీ. దాటిన చోట వెనక జీఐ రేకు ఆధారం పెట్టించడం మంచిది.

ఎప్పుడు వేయించాలి? ఈ జిగుళ్లకి 5 నుంచి 40 డిగ్రీల మధ్య ఉపరితలం కావాలి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడ మధ్యాహ్నానికే ఆ హద్దు దాటుతుంది, జిగురు నొక్కేలోపే పైన పొర కడుతుంది. పొర కట్టాక నొక్కితే అంటుకున్నట్టే ఉంటుంది కానీ పట్టు రాదు. ఆ నెలల్లో పడమటి వైపు పని పొద్దున పది లోపు ముగించాలి, సాసేజ్‌లు నీడలో ఉంచాలి. ముసురు పట్టిన రోజుల్లో ఇంకో రకం తప్పు జరుగుతుంది. ఎంఎస్ పాలిమర్ గాలిలో తేమతో గట్టిపడుతుంది కాబట్టి తడి గోడ మీద కూడా పర్లేదంటారు. చెమ్మ పర్లేదు గానీ నీటి పొర ఉంటే పనికిరాదు. తేమతోనే గట్టిపడుతుందంటే దానికి ఇంకో అర్థమూ ఉంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుందని డబ్బా మీద రాసేది గాలి తగిలే గీత గురించి. నీరు దూరని షీటు కింద 60 మి.మీ. వెడల్పున పరుచుకున్న జిగురుకి తేమ అంచుల నుంచీ కాంక్రీటు నుంచీ మాత్రమే అందాలి. అందుకే మరుసటి రోజు లాగి చూసి ‘ఊడిపోతోంది’ అనడమూ తప్పే, మరుసటి రోజే క్లాడింగ్ మొదలెట్టడమూ తప్పే.

పట్టు పరీక్షకి అసలు పని మొదలెట్టడానికి రెండు వారాల ముందే అదే గోడ మీద 50 మి.మీ. వెడల్పు పట్టీలు మూడు నాలుగు అతికించి పెట్టండి. తర్వాత పట్టీని వెనక్కి మడిచి లాగండి. జిగురు మధ్యలో చీలి రెండు వైపులా అంటి ఉంటే పాస్. గోడ శుభ్రంగా బయటపడితే గోడ తయారీ సరిపోలేదు. రబ్బరు శుభ్రంగా బయటపడితే పొడి తుడవలేదు లేదా జిగురు తప్పు. ఎవరిని అడగాలో ఇలా అక్కడే తేలుతుంది.

మెంబ్రేన్ వేశాక దాన్ని పాడుచేసేది తర్వాత వచ్చే పనివాళ్లు. వెల్డింగ్ రవ్వలు, గ్రైండర్ నిప్పులు రబ్బరులో చిన్న చిన్న కన్నాలు పెడతాయి. బ్రాకెట్ల వెల్డింగ్ అంతా ముందే అయిపోవాలి. బ్రాకెట్ మెంబ్రేన్‌ని దాటుకుని వచ్చే చోట, దాని కొలత కన్నా చుట్టూరా 5 మి.మీ. చిన్నగా కన్నం కోసిన కాలర్ ముక్కని సాగదీసి తొడిగి, వెనకా ముందూ జిగురు పెట్టాలి. టెర్రస్ పారపెట్ (పిట్టగోడ) దగ్గర ఏపీపీ తారు షీటు (మంటతో కరిగించి అతికించేది) వేసే బృందం వస్తే ఇంకా జాగ్రత్త. ఆ టార్చ్ మంటతో దీన్ని అతికించలేరు. ఈపీడీఎం వల్కనైజ్ అయిన (తయారీలోనే శాశ్వతంగా గట్టిపరిచిన) రబ్బరు, వేడికి మళ్లీ కరగదు, మాడుతుంది. తారులోని నూనెలు కూడా దానికి పడవు. రెండు పొరలూ కలిసే చోట నడుమ మెటల్ ఫ్లాషింగ్ పెట్టి విడదీయాలి. అలాగే స్ట్రక్చరల్ గ్లేజింగ్ (అద్దాన్ని జిగురుతోనే ఫ్రేముకి నిలిపే పద్ధతి)లో అద్దాన్ని పట్టి ఉంచే సిలికాన్‌కి ఈపీడీఎం తగలకూడదు. రబ్బరులోని నూనెలు సిలికాన్‌లోకి పాకి రంగు మారుస్తాయి, పట్టు తగ్గిస్తాయి. అక్కడ వాడాల్సింది సిలికాన్ రబ్బరు గాస్కెట్.

డ్రాయింగుల విషయంలో ఒక మాట. యూరప్ నుంచి వచ్చిన డీటెయిల్స్‌లో ఆవిరి దూరని షీటు లోపలి వైపు, ఆవిరి వదిలే షీటు బయటి వైపు చూపిస్తారు. అక్కడ చలికాలంలో ఇంట్లో వెచ్చటి తేమ బయటికి పోతుంది కాబట్టి అది సరైనదే. మన దగ్గర ఆగస్టులో బయట తేమ గాలి, లోపల రోజంతా ఏసీ. తేమ ప్రయాణం తిరగబడుతుంది. ఏసీ ఆఫీసులకి ఆవిరి దూరని పొర బయటి వైపే ఉండాలి. లోపల కూడా ఇంకో గట్టి పొర వేస్తే మధ్యలో చిక్కిన చెమ్మకి దారి ఉండదు. ఆ డ్రాయింగ్‌ని యథాతథంగా కాపీ చేసిన ఆర్కిటెక్ట్‌ని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇంకోటి నిప్పు. ఈపీడీఎం మండే పదార్థం. ఓపెనింగుల చుట్టూ పట్టీలుగా వేయడం వేరు, ఎత్తయిన భవనంలో ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) వెనక గోడంతా కప్పేయడం వేరు. రెండోది మేం ఒప్పుకోం. స్లాబ్ అంచుకీ గాజు గోడకీ మధ్య సందుని ప్రతి అంతస్తులోనూ అగ్నినిరోధక పదార్థంతో మూయాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెబుతోంది. రబ్బరు పట్టీ దానికి బదులు కాదు. రాక్‌వూల్, ఫైర్ సీలెంట్ వాటి చోట అవి ఉండాలి.

నీళ్ల పరీక్ష క్లాడింగ్ బిగించక ముందే చేయించండి. అమెరికాలో రూపొందిన ఏఏఎంఏ 501.2 నీటి పరీక్ష పద్ధతిలో 30 నుంచి 35 పీఎస్ఐ ఒత్తిడితో, అడుగు దూరం నుంచి, ఐదడుగుల పొడవుకి ఐదు నిమిషాల చొప్పున నాజిల్ నడపాలి. మొదలు కింది నుంచే. పైనుంచి పోస్తే నీళ్లు ఎక్కడ దూరాయో తెలియదు. లోపల ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని చూస్తూ ఉండాలి. ఈ పద్ధతి కదలని జాయింట్లకే, స్లైడింగ్ కిటికీల రెక్కలకి వర్తించదు.

పాత అపార్ట్‌మెంట్ల సంగతి. మెంబ్రేన్ వేయాలంటే ఫ్రేము అంచు, దాని పక్క కాంక్రీటు రెండూ బయటపడాలి. అంటే కిటికీ తీయాలి లేదా చుట్టూ ప్లాస్టరింగ్ కొట్టేయాలి. అంత పని పెట్టుకోకుండా పైపైన పట్టీ అతికిస్తామన్న వాళ్ల మాట నమ్మకండి. ముందు కింది ట్రాక్‌లో నీళ్లు పోయే రంధ్రాలు దుమ్ముతో మూసుకున్నాయేమో చూడండి, సిల్ (కిటికీ కింది గట్టు) వాలు బయటికే ఉందా చూడండి. ఆ రెండూ బాగుంటే పాత సీలెంట్ పూర్తిగా కోసేసి, బ్యాకర్ రాడ్ (సందులో దూర్చే ఫోమ్ తాడు) పెట్టి కొత్త వెదర్ సిలికాన్ కొట్టించడమే సరైన ఖర్చు.

కొటేషన్ అడిగేటప్పుడు చదరపు అడుగు రేటు ఒప్పుకోకండి, ఈ పని రన్నింగ్ మీటరు మీద నడుస్తుంది. షీటు మందం, వెడల్పు, జిగురు పేరు, మీటరుకి ఎన్ని మిల్లీలీటర్లు, గ్రైండింగ్ ఎవరిది, ప్రైమర్ ఉందా, ఫ్లాటు పట్టీ, స్క్రూలు కలిపారా, మూల ముక్కలు లెక్కలో ఉన్నాయా, నీళ్ల పరీక్ష ఎన్ని చోట్ల: ఇవన్నీ విడివిడిగా రాయించండి. వారంటీ కాగితంలో సరుకుకి మాత్రమే ఇచ్చారా, అతుకుకి కూడా ఇచ్చారా చూడండి. సరుకుకి ఇచ్చినదే అయితే, పైన చెప్పిన గ్రైండింగ్, పట్టు పరీక్ష ఫొటోలు తేదీలతో సహా మీ దగ్గర ఉంచుకోండి. అంచు లేచిన రోజున తయారీదారు ముందుగా అడిగేది వాటినే.